మాదీ

వదిన ఎడమ చేతి చూపుడు వేలికి కట్టు కట్టుకుని కరెంటు కుట్టుమిషను ముందు కూర్చుంది. కట్టు ఆమె ఒక్క వేలికే ఉన్నా ఇబ్బంది మాత్రం ఇంటిల్లిపాదికీ ఉంది. సూదిలో దారం ఎక్కించాలంటే అన్నయ్యని పిలవాలి. ఆయన వచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, దారం కొస నాలుక మీద తడిపి, మూడోసారికో నాలుగోసారికో ఎక్కించి, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా వెళ్ళి పేపరు ముందు కూర్చుంటాడు. పావుగంట తిరక్కుండానే దారం మళ్ళీ తెగుతుంది.

"మళ్ళీ రావాలా?" అన్నాడు అవతలి గదిలోంచి.

"రావాలి. దారం తెగినప్పుడల్లా విసుక్కునేవారు, కుట్టుపని చేసేదాన్ని కట్టుకోకుండా ఉండాల్సింది," అంది వదిన.

ఆడపడుచు నవ్వింది. ఆదివారం కదా, కిటికీ తెర ఒకటి పొట్టి చేయించుకుందామని వచ్చింది గానీ, ఆ వేలు చూశాక తెరను సంచీలోంచి బయటికి తీయలేదు. ఆఫీసులో ఆమెను తక్కెడమ్మ అంటారు. ఎవరు పెట్టారో తెలియదు, పేరు మాత్రం ఇంటిదాకా వచ్చి కూర్చుంది. ఫోన్లలో జనం పోగయ్యే గుంపులను తూచడం ఆమె ఉద్యోగం. గుంపులో ఎంతమంది ఉన్నారు, అందులో ఎంతమంది నోరు విప్పుతారు, ఒకరన్న మాట ఎంతమంది నోట మళ్ళీ మోగుతుంది అన్నవి చూసి, వందకి ఇంత అని అంకె వేస్తారు. ఆ మూడోదాన్ని ఆఫీసులో 'మోత' అంటారు. మోత ఎక్కువున్న గుంపంటే కంపెనీలకు భయమూ భక్తీ. మోత లేని గుంపు ఎంత మొత్తుకున్నా ఎవరికీ పట్టదు.

"వేలికి ఏమైంది వదినా, అసలు?"

"చూపిస్తాను ఉండు." వదిన ఒక గుడ్డపీలిక సూది కింద పెట్టి పెడల్ తొక్కింది. మిషను చక్కగా పరుగెత్తింది. "ఇప్పుడు కాలు తీస్తున్నాను. చూశావా, తీశాను."

కాలు నేల మీద ఉంది. సూది టక్కుమని ఒక కుట్టు, మళ్ళీ టక్కుమని ఇంకో కుట్టు వేసి అప్పుడు ఆగింది.

"ఈ రెండూ ఎవరు కుట్టినట్టు? నేనైతే కాదు," అంది వదిన. "మిషను ఆగిందనుకుని వేలు పెట్టి గుడ్డ సర్దబోయాను. గోరులోంచి దిగింది."

తక్కెడమ్మ తన చేతిని మిషను దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంది. వదిన మాత్రం తేలిగ్గా చెప్పేసి, బల్ల సొరుగు లాగి ఒక కాగితం తీసింది. "ఇది చదివి చెప్పు. నువ్వు ఇలాంటి భాష చదువుతావుగా."

మిషను కంపెనీ రాసిన జవాబు. 'మీరు సభ్యులుగా ఉన్న సముదాయంలో స్పందించినవారిలో తొంభై ఒక్క శాతం మంది ఈ యంత్రం పట్ల సంతృప్తి వ్యక్తం చేసియున్నారు. కావున మీ సమస్యను వాడకంలో జరిగిన పొరపాటుగా భావిస్తున్నాము.'

మొదటి వాక్యం దగ్గర తక్కెడమ్మ ఆగిపోయింది. 'వ్యక్తం చేసియున్నారు' అని ఈ కాలంలో ఎవరూ రాయరు. ఆమె రాస్తుంది. రిపోర్టుకు నిండుదనం వస్తుందని మూడేళ్ళుగా అలాగే రాస్తోంది. ముందు తగిలించిన 'మీరు సభ్యులుగా ఉన్న' తప్ప ఇది ఆమె వాక్యమే, పొల్లు పోకుండా.

"ఏ గుంపు వదినా?" అని అడిగింది, గొంతు మామూలుగా ఉంచి.

"కుట్టు కబుర్లు. నాలుగొందల మందిమి ఉంటాం. ఈ మిషను కొనండి, వెన్నలా నడుస్తోందని మొదట ఫొటో పెట్టింది నేనే. నేను చెబితేనే కొన్నారు చాలామంది. తర్వాత ఇలా కుట్లు పడుతున్నాయి, ఎవరిదైనా ఇలాగే ఉందా అని అడిగింది కూడా నేనే. అందరూ మాదీ మాదీ అన్నారు. గుంపు పేరూ, అందులో నా ముద్దుపేరూ పెట్టి కంపెనీకి రాశాను. తీరా చూస్తే కంపెనీ వాళ్ళ దగ్గర ఇదిగో, తొంభై ఒక్క శాతం సంతోషంగా ఉన్నారట." వదిన కాగితాన్ని తిరిగి మడతపెట్టింది. ఒక వేలు లేకుండా మడత సరిగ్గా రాలేదు. "ఎదురుగా ఒక మాట, వెనకాల ఇంకో మాట. మూడు రోజులైంది ఆ గుంపులో నేను నోరు విప్పి. వాళ్ళ పేర్లు చూస్తేనే మనసు విరిగిపోతోంది."

వేలి నొప్పి చెప్పినప్పుడు తడబడని గొంతు ఇక్కడ తడబడింది. 'కుట్టు కబుర్లు' పోయిన నెల తక్కెడమ్మ తూచిన ముప్పై గుంపుల్లో ఒకటి. మోత పదకొండు. అంతకు మించి ఏమీ గుర్తులేదు.

*

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే ఆమె 'కుట్టు కబుర్లు' పచ్చి మాటలను తెరిచింది. జనం రాసింది రాసినట్టుగా ఉండేదాన్ని అక్కడ పచ్చి మాటలంటారు. దాన్ని ఎవరూ చదవరు. చదవడానికి యంత్రం ఉంది. అది మాటలను జాబితాలతో పోల్చి, ఇవి మెచ్చుకోళ్ళు, ఇవి ఫిర్యాదులు, ఇవి ఊరికే ఊకదంపుళ్ళు అని మూడు గంపల్లో వేస్తుంది. మనుషులు గంపలను మాత్రమే చూస్తారు.

పచ్చి మాటల్లో పేర్లు ఉండవు, గుంపులో పెట్టుకున్న ముద్దుపేర్లే ఉంటాయి. 'కత్తెర' అనే ఆవిడ రాసింది: 'కొత్త మిషను కాలు తీశాక కూడా రెండు కుట్లు వేస్తోంది. ఎవరిదైనా ఇలాగే ఉందా?'

వదినే. పోయిన నెల ఈ 'కత్తెర' ఎవరో తక్కెడమ్మకు తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు.

దాని కింద వరసగా జవాబులు. 'మాది.' 'మాది.' 'మాది కూడా.' 'మాది అక్కా.' 'మాది.' పేజీ జరిపితే మళ్ళీ అదే. ఒక్కొక్కరు ఒక్కొక్క వేళ రాశారు. పొద్దున్న ఏడింటికి ఒకావిడ, మధ్యాహ్నం వంట అయ్యాక కాబోలు ఒకేసారి పదిమంది. అన్నిటి పక్కనా యంత్రం ఆకుపచ్చ చుక్క పెట్టింది. ఆకుపచ్చ అంటే మెచ్చుకోలు.

ఆమె కాసేపు అర్థం కాక చూసింది. ఒక పక్క ఫిర్యాదు, దాని కింద ఇన్ని మెచ్చుకోళ్ళు ఎలా వస్తాయి? అప్పుడు, వదిన నిన్న అన్నట్టుగా, ఒకదాన్ని పైకి చదివింది. "మాదీ." ఇంకోటి చదివింది. "మాదీ."

పక్క సీటాయన, రిపోర్టులకు బొమ్మలు గీసే మనిషి, తలతిప్పాడు. "ఏంటి తక్కెడమ్మా, పొద్దున్నే మాదీ మాదీ అంటున్నారు? ఏది మీది?"

"దీర్ఘం," అంది ఆమె. "దీర్ఘం లేదండీ."

"దేనికి?"

"దేనికీ లేదు. ఒక్కదానికీ లేదు."

అందరూ ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఫోను దాన్ని తెలుగులోకి తిప్పుతుంది. తిప్పేటప్పుడు చివరి దీర్ఘాన్ని మింగేసి, తనకు బాగా అలవాటైన 'మాది'ని తెచ్చి పెడుతుంది. చదివే ఆడవాళ్ళెవరికీ అది తప్పుగా తోచదు. కళ్ళు 'మాది' అని చూసినా చెవి 'మాదీ' అనే వింటుంది. మా మిషనూ అంతే, మాకూ అలాగే అవుతోంది అన్న మాట అది. యంత్రానికి చెవి లేదు. దానికి 'మాది' అంటే మా సొంతం, మా గొప్ప. కొత్త ఇంటి ఎదురుగా నిలబడి ఫొటో దిగి అనే మాట.

మెచ్చుకోలు జాబితా తెరిచింది. నూట నాలుగో మాట నాది, నూట అయిదు మాది, నూట ఆరు మనది. పక్కనే చేర్చినవాళ్ళ సంతకం. ఆమెదే. మూడేళ్ళ కిందట ఒక ఫోన్ల కంపెనీకి లెక్కలు కడుతుంటే, జనం కొత్త ఫోను ఫొటోల కింద 'నాది' 'నాది' అని మురిసిపోతూ రాస్తున్నారని గమనించి ఆ మూడు మాటలను చేర్చింది. భలే పట్టారని అప్పట్లో మెచ్చుకున్నారు కూడా.

ఆ రోజంతా ఆమె వేరే పని ముట్టలేదు. కాగితం మీద నిలువు గీతలు గీసుకుంటూ, నాలుగు గీతలకొక అడ్డగీత కొడుతూ, చేత్తో లెక్కపెట్టింది. జవాబిచ్చినవాళ్ళు నూట అరవై మూడు. అందులో 'మాది' అన్నవాళ్ళు నూట నలభై ఎనిమిది. తొంభై ఒక్క శాతం. లెక్క ఎక్కడా తప్పలేదు, అదే ఇంకా బాధగా ఉంది. ఒకావిడ 'మాది' అన్న మాట పక్కన చిన్న ఫొటో పెట్టింది. బొటనవేలి గోరు నల్లబడి ఉంది. దానికీ ఆకుపచ్చ చుక్కే.

*

మంగళవారం మేనేజరు గది తలుపు తట్టింది. ఆయన నిదానస్తుడు. నిప్పంటుకుందని చెప్పినా ఏ గదిలో అని అడిగే రకం.

"సార్, కుట్టు మిషన్ల రిపోర్టు తప్పు. తప్పు యంత్రానిది కాదు, నాది."

ఆయన ఆమె చేతిలోని గీతల కాగితం తీసుకుని, ఆమె చెప్పిందంతా విని, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇప్పుడు మీరు 'నాది' అన్నారు కదా. ఇది మెచ్చుకోలా, ఫిర్యాదా?"

ఆమెకు నవ్వు రాలేదు. ఆయనా నవ్వించాలని అన్నట్టు లేదు.

"ఎన్ని రిపోర్టుల్లో ఉంటుంది ఈ మాట?"

"మూడేళ్ళవి, సార్. అన్నీ చూడాలి."

"చూడండి. తప్పున్న ప్రతి కంపెనీకీ మీ చేత్తో మీరే ఉత్తరం రాయాలి. సంతకం నేనూ పెడతాను." ఆయన కాగితం తిరిగిచ్చాడు. "ముందు దీన్ని సరిచెయ్యండి."

సరిచేయడానికి గంట పట్టింది. ఫిర్యాదు ఒకటి, దాని వెనక నూట నలభై ఎనిమిది గొంతులు. ఒకరన్న మాట ఇంతమంది నోట మోగడం ఆమె ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. లక్షల మంది ఉండే గుంపుల్లో కూడా వెయ్యిమంది చూస్తే ఒకరు నోరు విప్పుతారు. పదకొండు చెరిగిపోయి తెర మీద ఎనభై నాలుగు నిలబడింది.

రిపోర్టు చివర ఒక గడి ఉంటుంది. 'మొదటి గొంతు.' మోత ఎవరి దగ్గర మొదలవుతోందో అక్కడ రాయాలి. ఆమె వేలు మీట మీద ఆగింది. మళ్ళీ మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"ఈ 'కత్తెర' మా వదిన, సార్. ఆదివారం దాకా నాకు తెలీదు."

"అయితే ఆ గడి మీరు నింపకండి, నేను నింపుతాను. ఖాళీగా పంపడానికి మాత్రం లేదు. ఒప్పందంలో ఉంది."

బుధవారం కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, గొంతులో వెన్న రాసుకున్నట్టు మాట్లాడతాడు. "ఎనభై నాలుగా మేడమ్! ఇంత మోత ఉన్న గుంపుని మేం పట్టించుకోకపోవడం చాలా పొరపాటు. వెంటనే కదులుతాం. మొదటి గొంతుతో మేమే మాట్లాడతాం."

ఆ సాయంత్రం తక్కెడమ్మ తేలికపడిన మనసుతో ఇంటికి వెళ్ళింది. తప్పు ఒప్పుకుంది, అంకె సరయింది, కంపెనీ కదిలింది. వదినకు ఫోన్ చేసి అంతా చెబుదామనుకుంది. మిషన్లన్నీ బాగు చేస్తున్నారన్న కబురుతో కలిపి చెబితే తన తప్పు కాస్త చిన్నదిగా కనబడుతుందని ఆగింది. ఆ ఆలోచన తనకే సిగ్గుగా తోచింది, అయినా ఆగింది.

*

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వదిన ఇంటికి వెళ్ళింది. గుమ్మం పక్కన కుర్చీలో కొత్త అట్టపెట్టె ఉంది. పెట్టెకు అంటించిన పట్టీ ఎవరూ విప్పలేదు. నేల మీద పరిచిన దుప్పటిపై కత్తిరించిన యూనిఫారాల ముక్కలు, నలభై జతలవి, దొంతరలుగా ఉన్నాయి. వదిన పాత మిషను మీదే కుడుతోంది. ప్రతి కుట్టు చివరా కాలు తీసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, సూది ఆ రెండు కుట్లు వేసుకునేదాకా ఆగుతోంది. ఎవరైనా చూస్తే దండం పెట్టుకుంటోందనుకుంటారు.

"మధ్యాహ్నం ఒకాయన వచ్చి పెట్టెళ్ళాడు," అంది. "కొత్త రకమట. కాలు తీస్తే చచ్చినట్టు ఆగుతుందట. ఇదిగో, దాంతో పాటు ఈ కాగితం."

తక్కెడమ్మ చదివింది. గుంపులో పెట్టాల్సిన మాటలను కంపెనీయే రాసి పంపింది. 'నా సమస్య పూర్తిగా తీరిపోయింది. మిషను అద్భుతంగా నడుస్తోంది. కంపెనీకి నా కృతజ్ఞతలు.' కింద, ఇకనుంచి వదినను 'కుట్టు నేస్తం' అని పిలుస్తారని, కొత్త రకాలన్నీ ముందు ఆమెకే పంపుతారని ఉంది. మిగతా మిషన్ల మాట ఒక్క ముక్క లేదు.

నూట నలభై ఎనిమిది మందిని బాగుచేయడం కన్నా ఒక గొంతును నొక్కడం తేలిక. ఏ గొంతో వెతికి పెట్టింది ఆమె ఆఫీసే.

"వదినా, నువ్వు ముందు నేను చెప్పేది విను."

చెప్పింది. వాక్యం తనదని, జాబితా తనదని, దీర్ఘం సంగతి, మొదటి గొంతు గడి సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. అవతలి గదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది. వదిన ఒక చొక్కా చేతిని తీసుకుని మిగిలిపోయిన దారప్పోగులను ఒక్కొక్కటే కత్తిరిస్తూ వింది.

"అంటే," అంది చివరికి, "వాళ్ళు నా వెనకాల ఏమీ అనలేదన్నమాట."

"అనలేదు. నీకు చెప్పిందే చెప్పారు. మేమే తిరగేసి చదివాం."

వదిన కళ్ళు నిండాయి. కట్టు ఉన్న వేలితోనే తుడుచుకుంది. "అయ్యో. వారం రోజులుగా వాళ్ళని ఎన్ని తిట్టుకున్నానో. పిచ్చిదాన్ని." కాసేపటికి కత్తెర పక్కన పెట్టింది. "నీకు ఇది ఎప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"ఇవాళ గురువారం."

వదిన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని తక్కెడమ్మకు అనిపించింది.

"సూది దిగిన నొప్పి రెండు రోజుల్లో తగ్గింది. ఇది తగ్గలేదు. నువ్వు ఒక్క ఫోన్ చేసి ఉంటే సోమవారమే తగ్గేది," అంది వదిన. ఆ మాటతో కోపం అయిపోయినట్టుంది. లేచి, పెట్టె దగ్గరికి వెళ్ళి, చేత్తో తట్టింది. "మంచి మిషనే. దీన్ని విప్పితే ఈ నలభై జతలూ రేపటికి తేలిపోతాయి." అవతలి గది వైపు కేకేసింది. "ఏవండీ, ఒకసారి రండి."

"దారమా?" అంటూ అన్నయ్య వచ్చాడు.

"దారం కాదు, ఫొటో. పెట్టె కనపడాలి, విప్పలేదని పట్టీ కూడా కనపడాలి. మీ తల కనపడక్కర్లేదు."

ఫొటో తీశాక వదిన ఫోను అందుకుని బొటనవేలితో ఒక్కొక్క అక్షరమే కొట్టింది. కొడుతూ మధ్యలో తలెత్తింది. "మీ యంత్రానికి దీర్ఘాలు రావన్నావు కదా. అంకెలకి దీర్ఘాలుండవుగా?"

"ఉండవు."

"అయితే అంకెలే అడుగుతాను."

రాసింది పైకి చదివి వినిపించింది. "'నా నోరు మూయడానికి కంపెనీ కొత్త మిషను ఒకటి పంపింది. అందరికీ వచ్చేదాకా విప్పను. వరసలో నాది ఒకటి. తర్వాత ఎవరు? అంకె వేయండి.' బాగుందా?"

"బాగుంది వదినా."

"నిన్నెవరు అడిగారు, మీ అన్నయ్యని అడిగాను," అని వదిన పంపేసింది. తర్వాత పాత మిషను ముందు కూర్చుని, కాలు తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, రెండు కుట్లు ఆగి, ఇంకో చొక్కా అందుకుంది. తక్కెడమ్మ దుప్పటి అంచున కూర్చుని, అడగకుండానే, కుట్టు పూర్తయిన వాటికి దారప్పోగులు కత్తిరించడం మొదలుపెట్టింది.

*

శుక్రవారం పదింటికి కంపెనీ మనిషి ఫోన్. మేనేజరు ఆమెను పిలిచి, స్పీకరు నొక్కి, ఫోనును బల్ల మధ్యకు జరిపాడు.

"అద్భుతం మేడమ్! నా తెర మీద మోత మూడు చూపిస్తోంది. ఎనభై నాలుగు నుంచి మూడు! ఒక్క రాత్రిలో! ఆవిడ మేం పంపింది పెట్టేసినట్టున్నారు. రిపోర్టులో 'సద్దుమణిగింది' అని ఒక్క మాట వేసిచ్చెయ్యండి, పైవాళ్ళకి చూపించుకోవాలి."

తక్కెడమ్మ తెర వైపు చూసింది. నిజమే, మూడు. అప్పుడు గుర్తొచ్చింది. జనం ఫోను నంబర్లూ ధరలూ రాస్తుంటారని, ఒట్టి అంకెలన్నిటినీ యంత్రం ఊకదంపుళ్ళ గంపలో పారేస్తుంది. నిన్న వదిన అడిగితే దీర్ఘాలుండవని చెప్పింది గానీ ఈ సంగతి తోచలేదు. గుంపులో ఏం జరుగుతోందో ఈ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. 'సద్దుమణిగింది' అని రాస్తే యంత్రం కూడా అవునంటుంది.

మేనేజరు ఆమె మొహం చూస్తున్నాడు.

ఆమె పచ్చి మాటలు తెరిచింది. పేజీ నిండా నిలువుగా అంకెలు. కొందరు అంకెతో పాటు విప్పని పెట్టెకు బదులు తమ పాత మిషను ఫొటో పెట్టారు. పోయిన నెల నోరు విప్పని పేర్లు కూడా ఉన్నాయి.

"సద్దుమణగలేదండీ," అంది. "మా యంత్రం అంకెలు చదవదు, అందుకని మీకు మూడు కనబడుతోంది. నేను చదువుతున్నాను."

"ఏం అంకెలు మేడమ్?"

"వరస అండీ. మిషన్లు మార్చుకోవడానికి మీ ముందు వరసలో నిలబడ్డారు. మీరు పంపింది ఆవిడ విప్పలేదు, అందరికీ వచ్చాకే విప్పుతారట."

అవతలి గొంతులోని వెన్న పోయింది. "ఎంతమంది ఉన్నారు?"

"నూట యాభై ఆరు," అంది తక్కెడమ్మ. తెర కదిలింది. "కాదు, ఉండండి. నూట యాభై ఏడు."